ఎంబీఏ నుంచి బోర్డు రూము దాకా: ఇండిపెండెంట్ డైరెక్టర్ కావడంలో నా అనుభవం

ఫైనాన్స్‌లో ఇరవై, పాతికేళ్లు పనిచేసిన స్నేహితురాళ్లు ఈ మధ్య నన్ను తరచూ ఒకటే అడుగుతున్నారు: "ఇండిపెండెంట్ డైరెక్టర్ ఎలా అయ్యావు? ఎవరిని పట్టుకోవాలి?" ఇండిపెండెంట్ డైరెక్టర్ అంటే యజమానులతో, మేనేజ్‌మెంట్‌తో సంబంధం లేకుండా కంపెనీ బోర్డులో కూర్చుని, అక్కడి నిర్ణయాలను స్వతంత్రంగా పరిశీలించే సభ్యుడో, సభ్యురాలో. అది ఎలా అవ్వాలో ఫోన్లో పది నిమిషాల్లో చెప్పేది కాదు. అందుకే ఏ నెలలో ఏం జరిగిందో, ఎంత ఖర్చయిందో, ఎక్కడ నిద్ర పట్టలేదో వరుసగా రాస్తున్నాను.

మాది నరసరావుపేట దగ్గర పల్లె. బీకాం అయ్యాక ఐసెట్ రాసి, ఆంధ్రా యూనివర్సిటీలో ఎంబీఏ చేశాను. 1998లో హైదరాబాద్ వచ్చి జీడిమెట్లలో ఒక బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీ అకౌంట్స్‌లో ట్రైనీగా చేరాను. అక్కడ నాకు మొదట అప్పగించిన పని గోడౌన్లో డ్రమ్ములు లెక్కపెట్టి, పుస్తకాల్లో ఉన్న స్టాకుతో సరిపోయిందో లేదో చూడటం. ఆ తర్వాత ఉత్పత్తి ఖర్చుల లెక్క (కాస్టింగ్), బ్యాంకు లిమిట్లు, ఎగుమతి బిల్లులు. 2015 నాటికి ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలో ఆర్థిక వ్యవహారాల అధిపతి, అంటే సీఎఫ్‌ఓ అయ్యాను. ఆ మధ్య జరిగినదంతా మామూలు ఉద్యోగ జీవితమే, దాని గురించి పెద్దగా చెప్పేదేం లేదు.

ఒక్క రోజు మాత్రం చెప్పాలి. 2009 జనవరి 7. సత్యం కంప్యూటర్స్ చైర్మన్ రామలింగరాజు గారి ఉత్తరం బయటికొచ్చిన రోజు. లేని ఐదు వేల కోట్ల పైచిలుకు నగదు ఉన్నట్టు చూపించామని ఆయనే రాశారు. మా ఆఫీసులో ఎవరికీ పని సాగలేదు. సత్యంలో పనిచేసేవాళ్లు లేని వీధి ఉండేది కాదు హైదరాబాద్‌లో. ఆ ముందు నెల 16న రాజు గారి కుటుంబానికే చెందిన మేటాస్ కంపెనీలు రెండింటిని 160 కోట్ల డాలర్లకు కొనడానికి అదే బోర్డు ఒప్పుకుంది. ఆ బోర్డులో కూర్చున్నవాళ్లు తక్కువవాళ్లు కాదు, బిజినెస్ స్కూల్ ప్రొఫెసర్లు, పేరున్న టెక్నాలజీ నిపుణులు. బ్యాంకులో డబ్బు నిజంగా ఉందా లేదా అని చూసుకోవడం నాలాంటివాళ్లం ప్రతి నెలాఖరుకీ చేసే పని. అంతటి బోర్డులో ఆ పని ఎలా జారిపోయిందన్న ప్రశ్న నన్ను వదల్లేదు. బోర్డులోకి వెళ్లాలన్న కోరిక అప్పుడే పుట్టిందేమో, పైకి అనడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది.

2022 చివర్లో నా పాత బాస్ కలిశారు. రిటైరై రెండు బోర్డుల్లో ఉన్నారు. "నువ్వెందుకు రిజిస్టర్ చేసుకోలేదమ్మా?" అన్నారు. ఎక్కడ రిజిస్టర్ చేసుకోవాలో కూడా నాకు తెలియదప్పటికి.

రిజిస్ట్రేషన్, పరీక్ష

మానేసర్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కార్పొరేట్ అఫైర్స్ వాళ్లు 2019 డిసెంబరు నుంచి ఇండిపెండెంట్ డైరెక్టర్ల డేటాబ్యాంకు నడుపుతున్నారు. అందులో పేరు లేకపోతే ఏ కంపెనీ మనల్ని ఇండిపెండెంట్ డైరెక్టర్‌గా తీసుకోవడానికి లేదు. ఏడాదికైతే 5,000, ఐదేళ్లకు 15,000, జీవితకాలానికి 25,000, వీటిపైన జీఎస్టీ. 2023 ఫిబ్రవరిలో నేను ఐదేళ్లకు కట్టాను, మొత్తం 17,700 రూపాయలు. ఫారం నింపడం ఒక సాయంత్రం పని.

చేరాక రెండేళ్లలోపు ఆన్‌లైన్ పరీక్ష పాసవ్వాలి. ఇక్కడే నాకు మొదటి ఆశ్చర్యం. లిస్టెడ్ కంపెనీలోనో (స్టాక్ మార్కెట్లో షేర్లు అమ్ముడయ్యే కంపెనీ), పది కోట్లు, అంతకు మించి పెయిడప్ క్యాపిటల్ (వాటాదార్లు కట్టిన మూలధనం) ఉన్న పబ్లిక్ కంపెనీలోనో మూడేళ్లు డైరెక్టర్‌గా, సీఎఫ్‌ఓగా చేసినవాళ్లకు పరీక్ష లేదు. నాది ప్రైవేట్ లిమిటెడ్. ఎనిమిదేళ్లు సీఎఫ్‌ఓగా ఉన్నా ఆ మినహాయింపు నాకు రాలేదు. మొదట కాస్త చిన్నతనంగా అనిపించింది. చదవడం మొదలుపెట్టాక ఆ బాధ పోయింది. కంపెనీల చట్టం నాకు తెలుసనుకున్నాను కానీ, నాకు తెలిసింది ఫైనాన్స్ వైపు నుంచి కనిపించేది మాత్రమే. డైరెక్టర్ మీద ఏ బాధ్యత పడుతుంది, ఎప్పుడు పడదు అన్నది ఎప్పుడూ మనసుపెట్టి చదవలేదు. 149వ సెక్షన్‌లో పన్నెండో సబ్‌సెక్షన్ ఒక్కటి చదవడానికి ఒక ఆదివారం పట్టింది. ఇండిపెండెంట్ డైరెక్టర్‌కి తెలిసి, బోర్డు ప్రక్రియ ద్వారా, అతని సమ్మతితోనో, కుమ్మక్కుతోనో జరిగిన తప్పుకూ, అతను శ్రద్ధగా వ్యవహరించకపోవడం వల్ల జరిగినదానికీ మాత్రమే బాధ్యత ఉంటుందని దాని సారాంశం. 'శ్రద్ధ'ను ఎలా రుజువు చేస్తారు అన్న ప్రశ్న అప్పుడే నోట్‌బుక్‌లో రాసుకున్నాను. రెండేళ్ల తర్వాత అది అక్షరాలా ఎదురైంది.

మార్చి, ఏప్రిల్ మాకు ఊపిరాడని నెలలు కాబట్టి పరీక్ష 2023 జులైలో రాశాను. యాభై ప్రశ్నలు, 75 నిమిషాలు, సగం మార్కులొస్తే పాస్. ఇంట్లోనే లాప్‌టాప్ కెమెరా ముందు కూర్చుని రాయాలి. యాభయ్యో పడికి దగ్గరపడుతూ, గది తలుపు గడియ పెట్టుకుని పరీక్ష రాస్తుంటే డిగ్రీ రోజుల నాటి టెన్షనే వచ్చింది. పాసయ్యాను. మా అమ్మ ఫోన్ చేసి, "అయితే డైరెక్టరైపోయినట్టేనా?" అని అడిగింది.

ఏడాది పైన నిశ్శబ్దం

డేటాబ్యాంకులో పేరుంటే కంపెనీలు వాటంతటవే పిలుస్తాయని అనుకునేవాళ్లకు ఈ భాగం ముఖ్యం. అందులో వేలమంది ఉన్నారు. నాకు పద్నాలుగు నెలలు ఒక్క ఫోనూ రాలేదు. ప్రొఫైల్ రెండుసార్లు తిరగరాశాను. మొదట 'ఫైనాన్స్‌లో పాతికేళ్ల అనుభవం' అని మాత్రమే ఉండేది. దాన్ని తీసేసి, బ్యాంకు కన్సార్షియంతో అప్పు పునర్వ్యవస్థీకరణ, ఫ్యాక్టరీ కాస్టింగ్, అంతర్గత నియంత్రణలు అని చేసిన పనులు విడివిడిగా రాశాను. తెలిసిన కంపెనీ సెక్రటరీలకు (కంపెనీలో బోర్డు మీటింగులు, చట్టపరమైన కాగితాలు చూసే అధికారులు), ఆడిటర్లకు నేను సిద్ధంగా ఉన్నానని చెప్పి పెట్టాను. అలా చెప్పుకోవడం నాకు చాలా కష్టమైంది. ఉద్యోగం అడిగినట్టే ఉంటుంది, పైగా అది ఉద్యోగం కాదు. కానీ చెప్పకపోతే ఎవరికీ తెలియదు. తర్వాత వచ్చిన రెండు పిలుపులూ అలా చెప్పినవాళ్ల ద్వారానే వచ్చాయి, డేటాబ్యాంకు ద్వారా ఒక్కటీ రాలేదు.

మొదటి పిలుపు 2024 సెప్టెంబరులో. ఒక లిస్టెడ్ కంపెనీ, పేరు అనవసరం. ఫోన్లో మాట్లాడినాయన, "మేడమ్, మీకు పెద్దగా పని ఉండదు, మూడు నెలలకోసారి వచ్చి సంతకం పెడితే చాలు" అన్నారు. మూడేళ్ల వార్షిక నివేదికలు పంపమన్నాను. ఆడిటర్ ఏడాది మధ్యలో రాజీనామా చేశారు. ఆ ఏడాదే ఇద్దరు ఇండిపెండెంట్ డైరెక్టర్లు 'వ్యక్తిగత కారణాల'తో వెళ్లిపోయారు. కారణం అడిగితే సూటిగా జవాబు రాలేదు. వద్దన్నాను. ఏడాది పైన ఎదురుచూశాక వచ్చిన మొదటి పిలుపును కాదనుకోవడం తేలిక కాదు. ఆ రాత్రి మా వారు, "ఇంకోటి రాకపోతే?" అన్నారు. రాకపోయినా ఫర్వాలేదని చెప్పాను కానీ, లోపల అంత ధైర్యం లేదు.

రెండో పిలుపు

2025 జనవరిలో పైపులు తయారుచేసే ఒక కంపెనీ నుంచి అక్కడి కంపెనీ సెక్రటరీ ఫోన్ చేశారు. మార్కెట్ విలువలో మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీల్లోకి వాళ్లు కొత్తగా వచ్చారు. ఆ జాబితాలో ఉంటే బోర్డులో ఒక మహిళా ఇండిపెండెంట్ డైరెక్టర్ తప్పనిసరి. అప్పటిదాకా ప్రమోటర్ (కంపెనీని స్థాపించి నడిపించే యజమాని) గారి భార్య బోర్డులో ఉండటంతో మహిళా డైరెక్టర్ నిబంధన తీరిపోయేది. ఇప్పుడు ఆ దారి సరిపోదు. మార్చి 31 దాటితే స్టాక్ ఎక్స్ఛేంజ్ రోజుకు 5,000 చొప్పున జరిమానా వేస్తుంది.

అంటే నన్ను పిలిచింది నేను ఆడదాన్ని కాబట్టి. ఇది మింగుడుపడటానికి కొన్ని రోజులు పట్టింది. నా పాత బాస్‌తో అదే అన్నాను. "ఏ తలుపు తీసి పిలిచారన్నది వాళ్ల అవసరం. లోపలికెళ్లాక ఏం చేస్తావన్నది నీ చేతిలో ఉంది" అన్నారాయన. ఇప్పుడు నా అభిప్రాయం కూడా అదే. ఈ నిబంధన లేకపోతే నాలాంటివాళ్లకు ఆ గది కనపడేది కూడా కాదు. దాన్ని చిన్నచూపు చూడాల్సిన అవసరం లేదు.

ఫిబ్రవరిలో ప్రమోటర్‌తో, నామినేషన్ కమిటీ చైర్మన్‌తో విడివిడిగా మాట్లాడాను. వాళ్లు నన్ను అడిగిన ప్రశ్నలకన్నా నేను అడిగినవే ఎక్కువ. అప్పులెంత, ఎవరికి గ్యారంటీలు ఇచ్చారు, ప్రమోటర్ల షేర్లు ఎంత తాకట్టులో ఉన్నాయి, కేసులేమున్నాయి, డైరెక్టర్ల ఇన్సూరెన్స్ ఎంతకు తీసుకున్నారు. పాలసీ కాపీ కూడా అడిగి చదివాను. ఫ్యాక్టరీ చూస్తానంటే ప్రమోటర్ సంతోషించారు. అక్కడ గోడౌన్ ఇన్‌చార్జి నేను అడగకముందే స్టాక్ రిజిస్టర్ తెచ్చి ముందు పెట్టాడు, తేదీల వారీగా, కొట్టివేతలు లేకుండా. నా మనసు ఒప్పుకుంది అక్కడే.

అసలు చిక్కు మా సొంత కంపెనీలో వచ్చింది. వేరే బోర్డులో చేరడానికి మా ఎండీ అనుమతి ఇవ్వాలి. 'చూద్దాం' అంటూ వారాలు గడిచాయి. ఫిబ్రవరి అయిపోయింది. అవతల కంపెనీ సెక్రటరీ రోజు విడిచి రోజు ఫోన్. చివరికి మార్చి రెండో వారంలో, ఏడాదిలో ఎన్ని రోజులు అక్కడ పోతాయో కాగితం మీద రాసిచ్చి, మీటింగులకు నా సెలవులే వాడుకుంటానన్నాక ఉత్తరం చేతికొచ్చింది. ఉద్యోగంలో ఉండి ఈ దారిలో వెళ్లాలనుకునేవాళ్లు రిజిస్ట్రేషన్‌కన్నా ముందే ఈ అనుమతి మాట తేల్చుకోండి.

తర్వాత కాగితాలు. డిజిటల్ సిగ్నేచర్‌కి సుమారు రెండు వేలు. కెమెరా ముందు పాన్ కార్డు పట్టుకుని నా పేరు చెప్తూ వీడియో తీసుకోవాలి. డైరెక్టర్ గుర్తింపు సంఖ్యకి (డిన్) 500 ఫీజు, ఆ దరఖాస్తు కంపెనీ వాళ్లే వేశారు. డైరెక్టర్‌గా ఉండటానికి సమ్మతి, అనర్హత లేదన్న ప్రకటన, నాకు ఎక్కడెక్కడ ఆసక్తులున్నాయో వివరం, నేను స్వతంత్రురాలినేనన్న ప్రకటన. ఈ చివరిదానికి దగ్గరి బంధువులందరి వివరాలు కావాలి. మా తమ్ముడికి ఫోన్ చేసి, "ఈ కంపెనీతో నీకేమైనా వ్యాపారముందా?" అని అడగాల్సి వచ్చింది.

మా వారి దగ్గర ఆ కంపెనీ షేర్లు కొన్ని ఉన్నాయని అప్పుడే తెలిసింది. అంత కొంచెం ఉంటే స్వతంత్రతకు అడ్డం కాదు. కానీ ఇన్‌సైడర్ ట్రేడింగ్ (కంపెనీ లోపలి సమాచారంతో చేసే షేర్ల వ్యాపారం) నిబంధనల కింద ఆయన పాన్ నంబరు కూడా కంపెనీ రికార్డులోకి వెళ్లింది. లెక్కల్లో ప్రతి మూడు నెలల కాలం ముగిసినప్పటి నుంచి ఫలితాలు వెలువడి 48 గంటలు గడిచేదాకా ఆయన అవి అమ్మడానికి లేదు. మిగతా రోజుల్లో కూడా ఒక మొత్తం దాటితే ముందుగా అనుమతి తీసుకోవాలి. ఇంట్లో వాళ్లకు ఈ సంగతి ముందే చెప్పడం మంచిది.

మార్చి 27న బోర్డు నన్ను, వాటాదార్లు ఆమోదించేదాకా ఉండే అడిషనల్ డైరెక్టర్‌గా తీసుకుంది. ఆ సాయంత్రమే ఎక్స్ఛేంజ్ వెబ్‌సైట్లో నా పేరు, నా చదువు వచ్చాయి. మా ఎంబీఏ బ్యాచ్ వాట్సాప్ గ్రూపు రాత్రంతా మోగింది.

అక్కడితో అయిపోలేదు. ఇండిపెండెంట్ డైరెక్టర్ నియామకానికి మూడు నెలల్లో వాటాదార్ల స్పెషల్ రిజల్యూషన్ కావాలి. పోలైన ఓట్లలో కనీసం నాలుగింట మూడొంతులు అనుకూలంగా రావాలి. పోస్టల్ బ్యాలెట్‌లో ముప్పై రోజులు ఆన్‌లైన్ ఓటింగ్. నన్ను ఎప్పుడూ చూడని వేలమంది నా మీద ఓటేస్తారన్న ఆలోచన ఆ నెలంతా వెంటాడింది. జూన్ రెండో వారంలో నెగ్గింది. వ్యతిరేకంగా పడ్డ ఓట్లు తక్కువే, అయినా అవి ఎవరివై ఉంటాయా అని రెండు రోజులు ఆలోచించాను.

బోర్డు రూములో

నా మొదటి ఆడిట్ కమిటీ (కంపెనీ లెక్కలు చూసే బోర్డు ఉపసంఘం) మీటింగ్ మే నెలలో, వార్షిక ఫలితాల కోసం. మీటింగ్ నోటీసు ఏడు రోజుల ముందే వచ్చింది. ఫలితాల ముసాయిదా మాత్రం ముందు రోజు రాత్రి తొమ్మిదికి పాస్‌వర్డ్ పెట్టిన పీడీఎఫ్‌గా వచ్చింది, మిగతావాటితో కలిపి మూడు వందల పేజీల పైనే. షేరు ధర మీద ప్రభావం చూపే సమాచారాన్ని డైరెక్టర్ల సమ్మతితో ఆలస్యంగా పంపవచ్చని నిబంధన ఉంది. కానీ ఒక రాత్రిలో మూడు వందల పేజీలు చదివి తెల్లారి ప్రశ్నలడగాలంటే ఎంత కష్టమో అనుభవిస్తేగానీ తెలియదు. రెండున్నరకు పడుకున్నాను.

కమిటీ చైర్మన్ రిటైరైన బ్యాంకు జనరల్ మేనేజర్. ఇంకొకాయన సీఏ. నా వంతు వచ్చినప్పుడు ఆడిటర్‌ని ఒకటే అడిగాను: "ఫిక్స్‌డ్ డిపాజిట్లకు బ్యాంకుల నుంచి కన్ఫర్మేషన్ మీకు నేరుగా వచ్చిందా, కంపెనీ ద్వారా వచ్చిందా?" నేరుగా వచ్చిందని ఫైల్ తెరిచి చూపించారు. 2009 నుంచి మనసులో ఉన్న ప్రశ్న అది. గొంతు కొంచెం వణికింది, ఎవరూ గమనించలేదనుకుంటాను.

ఆగస్టు మీటింగ్‌లో అసలు పరీక్ష ఎదురైంది. మేడ్చల్ వైపు ప్రమోటర్ కుటుంబానికి చెందిన గోడౌన్‌ని కంపెనీ అద్దెకు వాడుకుంటోంది. అద్దె 30 శాతం పెంచే ప్రతిపాదన ఎజెండాలో ఉంది. ఇలాంటి సంబంధీకుల లావాదేవీల మీద ఆడిట్ కమిటీలో ఇండిపెండెంట్ డైరెక్టర్లే నిర్ణయం తీసుకోవాలి. జత చేసింది ఒక్క పేజీ నోట్. చుట్టుపక్కల గోడౌన్లకు చదరపు అడుగు అద్దె ఎంత నడుస్తోందో అందులో లేదు. మూడు గోడౌన్ల అద్దె ఒప్పందాలో, వాల్యుయర్ రిపోర్టో తెస్తే చూద్దామని, అప్పటిదాకా వాయిదా వేద్దామని అన్నాను. గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చైర్మన్ నాతో ఏకీభవించారు. వాయిదా పడింది.

ఆ రాత్రి ప్రమోటర్ ఫోన్ చేశారు. "అమ్మా, మీరు మన మనిషి అనుకున్నాను. ఈ చిన్న విషయానికి ఇంత రాద్ధాంతమా?" అన్నారు. కోపం లేదు, నొచ్చుకున్నట్టు ఉంది. "సార్, రేపు ఎవరైనా వాటాదారు అడిగితే మీకే ఉపయోగపడే కాగితం అది" అన్నాను. ఆయన సరేనని పెట్టేశారు. నేను తెల్లవారుజాము దాకా దొర్లుతూనే ఉన్నాను. నన్ను తీసుకొచ్చినవాళ్లకే అడ్డం చెప్పానన్న బరువు మామూలుది కాదు.

పదిహేను రోజుల్లోపు మినిట్స్ (మీటింగ్‌లో జరిగినదాని రాతపూర్వక రికార్డు) ముసాయిదా వచ్చింది. గోడౌన్ అంశం కింద 'చర్చించి, తదుపరి సమావేశానికి వాయిదా వేశారు' అని ఒక్క వాక్యం ఉంది. ఎందుకు వాయిదా, ఎవరు ఏం అడిగారు, ఏమీ లేదు. ముసాయిదా మీద అభిప్రాయం చెప్పడానికి ఏడు రోజులుంటాయి. 'మార్కెట్ అద్దెలకు ఆధారం లేనందున పోల్చదగిన ఒప్పందాలు గానీ వాల్యుయర్ నివేదిక గానీ సమర్పించాలని కమిటీ కోరింది' అని చేర్చమని ఈమెయిల్ పెట్టాను. కంపెనీ సెక్రటరీ ఫోన్ చేసి, "ఇంత వివరం అవసరమా మేడమ్?" అన్నారు. అవసరమని చెప్పాను. ఆ వాక్యం అలాగే చేరింది. శ్రద్ధను ఎలా రుజువు చేస్తారని నోట్‌బుక్‌లో రాసుకున్న ప్రశ్నకు జవాబు అదే. నోటితో అడిగింది మినిట్స్‌లో లేకపోతే, ఐదేళ్ల తర్వాత ఎవరైనా తవ్వినప్పుడు అది అడగనట్టే లెక్క.

నవంబరు మీటింగ్‌కి వాల్యుయర్ రిపోర్టు వచ్చింది. పెంపు 12 శాతానికి తగ్గింది. ఆమోదించాం. ప్రమోటర్ ఆ రోజు భోజనాల దగ్గర పక్కన కూర్చుని తన మనవరాలి సీఏ చదువు గురించి మాట్లాడారు.

డబ్బు విషయం కూడా చెప్పాలి, చాలామంది అడగడానికి మొహమాటపడతారు. మీటింగుకు హాజరైనందుకు ఇచ్చే సిట్టింగ్ ఫీజుకి చట్టం పెట్టిన గరిష్ఠ పరిమితి మీటింగుకు లక్ష రూపాయలు. మా కంపెనీ బోర్డు మీటింగుకు 40,000, కమిటీకి 20,000 ఇస్తుంది, పది శాతం టీడీఎస్ పోను. చదవడానికి పట్టే రాత్రులు లెక్కేస్తే ఇది జీతానికి ప్రత్యామ్నాయం కాదు. డబ్బు కోసం వచ్చేవాళ్లు నిరాశపడతారు. పైగా ఆ ఫీజు మీదే బతకాల్సినవాళ్లు గోడౌన్ అద్దె గురించి అడగలేరు. ఉద్యోగమో, దాచుకున్న డబ్బో ఉండగానే ఇందులోకి రావాలని నా గట్టి నమ్మకం.

మేనేజ్‌మెంట్ ఎవరూ లేకుండా ఇండిపెండెంట్ డైరెక్టర్లు ఏడాదికి ఒక్కసారైనా విడిగా కూర్చోవాలి. మాది 2026 ఫిబ్రవరిలో జరిగింది. అదే బల్ల, అవే కుర్చీలు, కానీ మాటలు వేరుగా వచ్చాయి. చైర్మన్ పనితీరు, బోర్డుకు అందే సమాచారం నాణ్యత, రెండూ చర్చించాం. ముందు రోజు రాత్రి వచ్చే పీడీఎఫ్‌లు తమకూ ఇబ్బందేనని మిగతా ఇద్దరూ అన్నారు, ఇన్నాళ్లూ ఎవరికి వారే సర్దుకుపోయారు. ఫలితాల ముసాయిదా తప్ప మిగతా కాగితాలన్నీ ఏడు రోజుల ముందే రావాలని, ముసాయిదా కనీసం రెండు రోజుల ముందు రావాలని, సంబంధీకుల లావాదేవీలకు ధర ఆధారం జత చేయకపోతే ఎజెండాలో పెట్టకూడదని రాసి ముగ్గురం సంతకాలు చేసి ఇచ్చాం. తర్వాతి బోర్డు మీటింగ్‌కి కాగితాలు ఏడు రోజుల ముందే వచ్చాయి. అందులో సంబంధీకుల లావాదేవీ ఒకటుంది, వాల్యుయర్ రిపోర్టుతో సహా.